ఇసుకలో మేకు నిలవదు

మొదటిరోజు మధ్యాహ్నం రెండు గంటలకి మొదటి గుడారం లేచింది. రెండుంపావుకి పడిపోయింది. మళ్ళీ లేపారు. ఈసారి పడడానికి అంతసేపు కూడా పట్టలేదు. ఎనిమిదిమంది పిల్లలు ఎనిమిది తాళ్ళు పట్టుకుని నిలబడితే బాగానే ఉంది. అందులో ఎవడైనా ముక్కు గోక్కున్నాడంటే ఆ మూల ఒరిగిపోతోంది. అడుగున్నర ఇనుప మేకులు పెరుగులో గరిటె దిగినట్టు దిగుతున్నాయి, అంతే సుఖంగా పైకి వచ్చేస్తున్నాయి.

వాకాడు మండలం సముద్రపు ఒడ్డు, మే నెల రెండోవారం. చుట్టూ సరుగుడు తోపు. పుస్తకాల్లో సరుగుడు అంటారు గానీ మావైపు అది సవకతోపే. ముప్పైరెండుమంది పిల్లలు, ఒక స్కౌట్ మాస్టారు, ఆయనకి సాయంగా ఇంకో ఉపాధ్యాయుడు, బియ్యం పప్పుల లెక్క చూడడానికి నేను. నలభై ఏళ్ళ కిందట ఇదే స్కార్ఫు మెడకి చుట్టుకున్న పాత స్కౌటుని కాబట్టి నన్ను రానిచ్చారు.

కాస్త దూరంలో తిరగేసిన పడవ నీడలో కూర్చుని వల బాగుచేసుకుంటున్న ముసలాయన చాలాసేపటి నుంచి మమ్మల్ని చూస్తున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పుతీరంలో మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అందుకే ఊళ్ళో మగవాళ్ళంతా ఒడ్డునే ఉన్నారు. చేతినిండా వల పని, కళ్ళనిండా మా తమాషా.

మూడోసారి గుడారం పడ్డాక ఆయన లేచి వచ్చాడు.

"ఏంది అయ్యోరా, ఇసకలో మేకు నిలస్తాదా? నిలబెడితే లేస్తాది. పడుకోబెట్టాల."

మూరెడు సవకకర్ర తీసుకున్నాడు. మోకాటిలోతు గుంట తీయించాడు. కర్రకి నడుమ తాడు కట్టి, గుంటలో అడ్డంగా పడుకోబెట్టి, ఇసుక కప్పి తొక్కించాడు. తాడు మాత్రం పైకి వచ్చింది. ఇద్దరు పిల్లలు ఉగ్గబట్టి లాగారు, కదల్లేదు. నిలువు మేకుని పట్టి ఉంచేది దాన్ని చుట్టుకుని ఉన్న పిడికెడు ఇసుక. పడుకున్న కర్ర లేవాలంటే దాని మీదున్న మట్టి మొత్తాన్ని ఎత్తుకుని లేవాలి.

మాస్టారు నవ్వి, సంచిలోంచి పుస్తకం తీసి, చివరి పేజీల్లో ఒక బొమ్మ చూపించాడు. అచ్చం ఇదే. ఇంగ్లీషులో దాని పేరు డెడ్‌మ్యాన్. ఆ పేరుకి అర్థం తెలిసిన మరుక్షణం నుంచి పిల్లలకి అది 'శవం' అయి కూర్చుంది. ఆ వారమంతా తోపులో ఒకటే కేకలు: "ఒరే, మన శవాన్ని ఎక్కడ పాతారా?" దారిన పోయేవాళ్ళు నిలబడి చూసేవాళ్ళు.

వాకాడు అనగానే రాజకీయాలు తెలిసినవాళ్ళకి 1990–92లో ముఖ్యమంత్రిగా ఉన్న నేదురుమల్లి జనార్దనరెడ్డి ఊరు గుర్తొస్తుంది. రైతుకి స్వర్ణముఖి మీది బ్యారేజీ. ఆదివారం షికారుకి వచ్చేవాళ్ళకి తూపిలిపాలెం బీచ్. మేం దిగింది ఆ సందడికి ఎడంగా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాకాడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ ఇక్కడి మాట, మామిడికాయ వేసిన చేపలపులుసు రెండూ నెల్లూరివే.

పెట్రోల్ లీడరు

స్కౌట్ దళంలో ఆరు నుంచి ఎనిమిదిమంది ఒక జట్టు. దాన్ని పెట్రోల్ అంటారు, బంకులో పోసేదానికీ దీనికీ మన పలుకుబడిలో తేడా ఏమీ లేదు. "నేను పెట్రోల్ లీడర్ని" అని ఒకడు ఇంట్లో చెబితే వాళ్ళ నాయన "అయితే నా బండికి రెండు లీటర్లు పొయ్యి" అన్నాడట. మా శిబిరంలో నాలుగు పెట్రోళ్ళు: నెమలి, పులి, గద్ద, ఏనుగు.

ఈ పద్ధతి వయసు నూరేళ్ళు దాటింది. 1907 ఆగస్టులో ఇంగ్లండు దక్షిణతీరాన బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి సుమారు ఇరవైమంది పిల్లల్ని పోగుచేసి వారంరోజులు గుడారాల్లో ఉంచాడు. కొందరు పెద్దింటి బడుల్లో చదివేవాళ్ళు, కొందరు పూల్, బోర్న్‌మత్ పట్టణాల్లో పనిపాటల వాళ్ళ పిల్లలు. ఆ రోజుల్లో ఆ దేశంలో ఈ ఇద్దరూ ఒక బల్ల మీద అన్నం తినేవాళ్ళు కాదు. వాళ్ళని కలిపి నాలుగు జట్లు చేశాడు: తోడేలు, గిత్త, కాకి, నాలుగోది కర్ల్యూ అనే పొడవాటి వంకరముక్కు పిట్ట. ఆ పిట్ట ఏటా చలికాలానికి మన పులికాటు సరస్సుకి వస్తుంది. మేం వెళ్ళింది మేలో కాబట్టి అప్పటికే ఉత్తరాదికి తిరుగుటపా కట్టేసి ఉంటుంది.

ఏ జట్టుకా జట్టుకి పిల్లల్లోంచే ఒక నాయకుడు. పని అతనిది, తప్పూ అతనిదే. పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. కాగితం మీద చిన్నమాటే. పదమూడేళ్ళ పిల్లాడి చేతికి ఎనిమిదిమంది రాత్రి భోజనానికి సరిపడా బియ్యం కొలిచి ఇచ్చి, మనం వెళ్ళి పడవ పక్కన కూర్చోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని బరువు. మేం తెచ్చింది క్వింటాలు బియ్యం. పులివాళ్ళ అన్నం మొదటిరాత్రి పలుకు. గద్దవాళ్ళది అడుగు మాడి పైన చిమిడింది. రెండూ ఒకే గిన్నెలో ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఏనుగులవాళ్ళు పప్పులో ఉప్పు మూడుసార్లు వేశారు, ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు. నేను రెండుసార్లు లేవబోయాను. మాస్టారు నా భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టాడు. తర్వాత ఆయన నాలుగు పొయ్యిల దగ్గరికీ వెళ్ళి ఒక్కో చోట నాలుగు ముద్దలు తిన్నాడు, ఏమీ అనకుండా. ఆ రాత్రి ఆయన మజ్జిగ చెంబెడు తాగడం మాత్రం నేను చూశాను.

రెండోరోజు మధ్యాహ్నానికి ఒక తల్లి స్కూటీ మీద వచ్చింది, రెండు క్యారేజీలతో. ఫోన్లు మొదటిరోజే తీసి దాచారు కాబట్టి కొడుకు గొంతు వినక ఒక రాత్రి గడిపింది పాపం. మాస్టారు వెనక్కి పంపేస్తాడేమో అనుకున్నాను. "కూర్చోండమ్మా. ఎనిమిదిమందికి సరిపోతే అందరికీ పెట్టండి, లేదంటే మీరూ మా అన్నమే తినండి" అన్నాడు. సరిపోలేదు. ఆమె నెమలివాళ్ళ అన్నం తింది. కొడుకు వార్చిన అన్నం. కొంచెం గంజి మిగిలిపోయిన అన్నం. వెళ్ళేటప్పుడు క్యారేజీలు పడవ దగ్గరి ముసలాయన ఇంటికి చేరాయి.

ఈ కాలపు తల్లిదండ్రుల మీద విసుర్లు విసరడం తేలిక. ఆ పని చెయ్యను. మా అమ్మ కూడా వచ్చి ఉండేది, ఆవిడకి స్కూటీ ఉంటే.

చెలమ

తాగడానికి ఊళ్ళోంచి క్యాన్లలో నీళ్ళు తెచ్చుకున్నాం. గిన్నెలు కడగాలి, స్నానాలు చెయ్యాలి, కత్తెర ఎండల్లో ముప్పైరెండుమంది తలలు తడపాలి. దానికి చెలమ తవ్వుకోవాలన్నారు ఊరివాళ్ళు. సముద్రం వందగజాల దూరంలో ఉంది. అక్కడ తవ్వితే మంచినీళ్ళు పడతాయంటే మా పిల్లలు నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

చోటు చూపించింది మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దమ్మ. దిబ్బ మీద మేకగిట్టలాంటి చీలిక ఆకులు, ఊదాపూలు ఉన్న తీగ పాకి ఉంది. దాన్ని దాటి, దిబ్బకి ఇవతల పల్లంలో కర్రతో గీత గీసింది. "ఈడ తవ్వండి. నాలుగడుగులు చాలు. ఆశపడి లోతుకి పోవద్దు నాయనా, ఉప్పు తగల్తాది." ఏనుగులవాళ్ళు తవ్వారు. నాలుగడుగుల దగ్గర ఇసుక తడిసింది, ఐదోదాకా పోకముందే నీళ్ళు ఊరాయి. కొంచెం మట్టివాసన, అంతే.

ఆ సాయంత్రం మాస్టారు గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, రంగు కలిపిన మంచినీళ్ళు గరిటె మీదుగా మెల్లగా వదిలి చూపించాడు. మంచినీళ్ళు తేలిక, పైన తేలాయి. ఇసుకదిబ్బ మీద కురిసిన వాన కూడా అంతే. కిందికి ఇంకి, భూమిలో ఉన్న సముద్రపునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే ఒక్క అడుగు ఎత్తున మంచినీరు నిలిస్తే చాలు, ఆ బరువు ఉప్పునీటిని కిందికి నలభై అడుగుల దాకా తొక్కి ఉంచుతుంది. దిబ్బ ఎంత ఎత్తుంటే అడుగున అంత నిధి. మోటారు పెట్టి ఆబగా తోడితే పైన ఒక అడుగు తగ్గుతుంది, కింద నలభై అడుగుల మేర ఉప్పు పైకి లేస్తుంది. లోతుకి పోవద్దన్న పెద్దమ్మ మాటకి లెక్క అది.

తోపుకి పడమటివైపు రొయ్యల గుంటలు. ఆ పక్క ఎక్కడ తవ్వినా ఉప్పేనని ఊళ్ళో చెప్పారు. 1996 డిసెంబరులో తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసులో గట్టిగా వినిపించిన వాదనల్లో తాగునీళ్ళు ఉప్పెక్కడం ఒకటి. పిల్లల్లో ఇద్దరి ఇళ్ళల్లో రొయ్యల గుంటలున్నాయి. వాళ్ళు గ్లాసు వైపు మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు చూశారు.

వలముడి

పొద్దున ఐదుకి విజిలు. వ్యాయామం, గుడారాల తనిఖీ, జెండా, ప్రార్థన. ఇదంతా ఏ శిబిరంలోనైనా ఒకటే కాబట్టి వదిలేస్తాను. పదకొండు నుంచి మూడున్నర దాకా ఎండలో కాలు పెట్టనివ్వరు. పడమటిగాలి ఆగి సముద్రపుగాలి మళ్ళేదాకా తోపు నీడే. ఆ నాలుగున్నర గంటలూ ముడుల పాఠం.

స్కౌటుకి ముడులు అక్షరాభ్యాసం లాంటివి. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బౌలిన్, షీప్‌షాంక్. ఇంగ్లీషు ఓడల వాళ్ళు పెట్టుకున్న పేర్లు. పిల్లలు నోరు తిరక్క కంఠతా పడుతుంటారు. వాటిలో షీట్ బెండ్ అని ఒకటుంది. సన్నతాడుని లావుతాడుకి కలపడానికి. రీఫ్ నాట్‌తో కలిపితే జారిపోయే చోట ఇది పట్టు విడవదు. లావుతాడు మడతపడి ఊరికే ఉంటుంది, సన్నది దాన్ని చుట్టి తన కిందే తాను దూరుతుంది.

గద్దవాళ్ళు దానితో కుస్తీ పడుతుంటే ముసలాయన మనవరాలు, పదేళ్ళుంటాయేమో, పడవ అంచు మీద కూర్చుని చూస్తోంది. చేతిలో నైలాన్ దారం చుట్టిన వలసూది. కళ్ళు వీళ్ళ మీద ఉన్నాయి, చేతులు మాత్రం ఆగడంలేదు. కన్ను, ముడి, కన్ను, ముడి. కాసేపటికి పులి పెట్రోల్లో ఒకడు లేచి వెళ్ళి ఆమె చేతివైపు వంగి చూసి, వెనక్కి తిరిగి అరిచాడు: "సార్, ఇది షీట్ బెండ్ సార్!"

అవును. వల మొత్తం షీట్ బెండే. ప్రతి కంటికీ నాలుగు మూలలా ఒక్కో ముడి, ఒక వలలో అవి వేలకొద్దీ. ఆ పిల్లకి ఆ పేరు తెలియదు. "ముడి" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

అప్పుడు ఏనుగుల జట్టులో మాటాపలుకూ లేని ఒకడు నోరు విప్పాడు. వాళ్ళది వెంకటగిరి, మగ్గాల ఇల్లు. "మా అవ్వ నూలు తెగితే ఇట్లే కడతాది సార్. నోట్లో తడి చేసుకుని కడతాది." అది కూడా నిజమే. ప్రపంచంలో ఎక్కడి నేతపనివాళ్ళయినా తెగిన పోగుని కలపడానికి వాడే ముడి, జాలరి వలముడి, నావికుల షీట్ బెండ్, మూడూ అమరికలో ఒకటే. మగ్గం నుంచి ఓడకి వెళ్ళిందో, వల నుంచి మగ్గానికి వచ్చిందో, లేక ఎక్కడికక్కడ ఎవరి వేళ్ళకి వాళ్ళకే దొరికిందో. నూలుపోగు గురించి చెప్పిన ఆ పిల్లాడికి మిగిలిన రోజుల్లో ముడుల మాస్టారు అని పేరొచ్చింది. సాయంత్రమయ్యేసరికి వాడే ఇద్దరు పెట్రోల్ లీడర్లకి చెయ్యి పట్టి నేర్పిస్తున్నాడు.

ఆ అమ్మాయి మాస్టార్ని ఒకటడిగింది. "ఇది మొగపిల్లోళ్ళకేనా?" కాదు, ఆడపిల్లలకి గైడ్స్ ఉంది, 1951 నుంచి మన దేశంలో రెండూ కలిసే ఉన్నాయి, మీ బళ్ళో పెట్టమని అడుగుతానన్నాడాయన. ఆమె పెద్దగా నమ్మినట్టు లేదు.

మనవాళ్ళకి ఇందులో చోటు దొరకడం కూడా తేలిగ్గా జరగలేదు. 1909లో బెంగళూరులో మొదటి దళం పెట్టినప్పుడు అందులో చేర్చుకున్నది తెల్లవాళ్ళ, ఆంగ్లో ఇండియన్ల పిల్లల్నే. భారతీయుల పిల్లలకి దారులు వెతకడం, గుర్తులు పట్టడం, జట్టుగా నడవడం నేర్పితే రేపు వాళ్ళు ఎవరి మీదికి నడుస్తారోనని దొరల భయం. అప్పుడు 1916లో అనీ బిసెంట్, జార్జ్ అరండేల్ మద్రాసులో భారతీయ పిల్లల కోసం సొంతంగా ఒక స్కౌట్ సంఘం పెట్టారు. టోపీ బదులు తలపాగా కట్టించారు. రెండేళ్ళకి అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ సేవాసమితి స్కౌట్లని తయారుచేశారు. విడివిడిగా ఉన్న ఈ పాయలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది 1950 నవంబరు 7న. మొదటి జాతీయ జంబోరీ 1953లో హైదరాబాదులోనే జరిగింది. బిసెంట్ ఉన్న అడయారు ఈ తోపుకి దక్షిణాన వంద మైళ్ళ లోపే. అప్పట్లో ఈ తీరమంతా మద్రాసు రాజధానిలోదే.

దుగరాజపట్నం

మూడోరోజు హైక్ దుగరాజపట్నానికి. తెల్లవారుజామున చద్దన్నం, ఉల్లిపాయ తిని, దిక్సూచి పట్టుకుని బయలుదేరారు. దిక్సూచితో మా పిల్లలకి పెద్ద పనిలేదు. "దక్షిణం ఎటురా?" అంటే ఒక్కడూ పెట్టె తెరవడు, "రాకెట్ లేసే పక్క సార్" అంటాడు. కింద శ్రీహరికోట ఉంది మరి.

దుగరాజపట్నం ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో ఆర్మగాం. 1626 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ సరుకుల కొట్టు పెట్టి, చుట్టూ చిన్న కోట కట్టుకుంది. తోడ్పడిన ఆర్ముగ ముదలియార్ పేరే ఆ ఊరికి వాళ్ళు పెట్టుకున్నారు. ఇక్కడి తీరానికి ఎదురుగా సముద్రంలో పొడవాటి ఇసుకదిబ్బ మునిగి ఉంది, దాని చాటున ఓడలకి కాస్త నెమ్మది. అయినా వ్యాపారం కలిసిరాలేదు. ఇక్కడి కొట్టుకి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే అతను దక్షిణంగా ఇంకో చోటు వెతుక్కుంటూ పోయి 1639లో ఒక ఇసుకమేట మీద కోటకి అనుమతి సంపాదించాడు. మరుసటి ఏడు ఆర్మగాం మూటాముల్లె అక్కడికి చేరింది. ఆ ఇసుకమేటే మద్రాసు. అంటే మద్రాసు పుట్టక ముందు మనవాళ్ళు ఇక్కడే ఇంగ్లీషువాళ్ళకి బట్టలు అమ్మారు.

కోట కోసం వెతికిన కుర్రాళ్ళకి కనిపించింది ఇసుక, తాటిచెట్లు, ఆరేసిన వలలు. నోటు పుస్తకాల్లో ఏం రాయాలో తెలియక చాలామంది తాటిచెట్లు లెక్కపెట్టి రాశారు. 2014 విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కడతామని, మొదటి దశ 2018 చివరికల్లా పూర్తి చేస్తామని ఉంది. ఒక పిల్లాడు ఆ సంగతి ఇంట్లో విన్నాడు కాబోలు, "రేవు ఎక్కడ సార్?" అని అడిగాడు. సముద్రం వైపు చూపించాం.

తిరుగుదారిలో ముసలాయన మా వెంటే ఉన్నాడు. ఈత అడిగే పిల్లలకి ఆయన చూపించిన సంగతి ఏ బడిలోనూ చెప్పరు, చెప్పాలి. ఒడ్డు పొడవునా అలలు విరుగుతున్నాయి. మధ్యలో ఒకచోట మాత్రం నురగ లేదు, నీళ్ళు నల్లగా, నున్నగా ఉన్నాయి. "ఏడ దిగుతారు?" అన్నాడు. అందరూ ఆ నున్నటి చోటే చూపించారు. "అందరూ ఆడే సచ్చేది" అన్నాడు. ఒడ్డుకి కొట్టిన నీళ్ళన్నీ వెనక్కి పోయే దారి అది. అక్కడ అల లేనిది నెమ్మదిగా ఉండి కాదు, నీళ్ళు లోపలికి లాగుతుండడం వల్ల. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదితే అలిసిపోతారు, పక్కకి ఈదాలి. అలలున్న చోటికి చేరితే అవే ఒడ్డుకి తోస్తాయి. తూపిలిపాలెం, మైపాడు, కోడూరు ఎక్కడికి ఆదివారం వెళ్ళినా ముందు ఆ నున్నటి నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి.

ఆ రాత్రి నక్షత్రాలు. స్కౌట్ పుస్తకాలు చలిదేశాల్లో పుట్టినవి కదా, ధ్రువనక్షత్రం కోసం తల బాగా పైకెత్తమంటాయి. వాకాడు ఉన్నది 14 డిగ్రీల అక్షాంశం మీద. ఇక్కడ ధ్రువుడు నేల మీంచి 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు, అంటే పిడికిలిన్నర. సవకచెట్లు అడ్డం రాకుండా ఒడ్డుకి నడిస్తేగానీ దొరకలేదు. కానీ ఇక్కడివాళ్ళకి ఒక అదృష్టం ఉంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షులు, అటు తిరిగితే దక్షిణాన, దాదాపు ధ్రువుడంత ఎత్తులోనే, త్రిశంకు. బేడెన్ పవెల్ పుట్టిన లండన్లో ఎన్ని రాత్రులు కాపలా కాసినా త్రిశంకు కనపడదు. ఒకే ఒడ్డున నిలబడి ఒక మెడ తిప్పుతో ఇద్దర్నీ చూడొచ్చు. విశ్వామిత్రుడి కథ సగంలో ఉండగా సగంమంది నిద్రపోయారు.

ఐదో రాత్రి

వేసవిలో ఈ తీరాన సాయంత్రం మబ్బు పడమట పుట్టి వస్తుంది. ఐదోరోజు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. ముసలాయన వలలు చుట్టి పడవకింద పెట్టేశాడు. అది చూసి మాస్టారు నాలుగు జట్ల నాయకుల్నీ పిలిచి తాళ్ళు చూసుకోమన్నాడు. ఊరి బడి తాళంచెవి తెచ్చి జేబులో వేసుకున్నాడు.

పదింటికి వచ్చింది. ముందు ఇసుక, తర్వాత చల్లటి గాలి, తర్వాత వాన. అరగంట కూడా లేదు. పిల్లలందర్నీ చేతులు పట్టించి, లెక్కపెట్టి బడిలోకి చేర్చాం. టార్చి వేసి వెనక్కి చూస్తే మూడు గుడారాలు ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ నిలబడి ఉన్నాయి. పులివాళ్ళది మాత్రం సవకచెట్టుకి చుట్టుకుని ఉంది.

తెల్లారాక తవ్వి చూశాం. శవాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ముడులు ఊడాయి. తడిసిన తాడుకి రీఫ్ నాట్ వెయ్యబోయి ఎవరో పొరపాటు ముడి వేశారు. కుడి ఎడమ మీదికి, ఎడమ కుడి మీదికి వెళ్ళాల్సింది, రెండుసార్లూ ఒకే వైపు వెళ్ళింది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి.

స్కౌట్లలో కోర్ట్ ఆఫ్ ఆనర్ అని ఒకటుంది. పెట్రోల్ లీడర్లే కూర్చుని మాట్లాడుకునే సభ. మాస్టారు పక్కన ఉంటాడు, తీర్పు మాత్రం చెప్పడు. ముడి ఎవరు వేశారని ఏనుగుల నాయకుడు అడిగాడు. పులి నాయకుడు తల ఎత్తలేదు. పదమూడేళ్ళవాడు, రాత్రంతా తడిసిన పరుపుచుట్టలు మోసి మోసి గొంతు పోయింది. "అది అనవసరం. సార్ చూసుకోమన్నాడు. నేను చూసినా అన్నాను. చూళ్ళేదు" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత గద్ద నాయకుడు, "మా గుడారంలో ముగ్గురికి చోటుంది" అన్నాడు. నెమలి ముగ్గురు అన్నాడు, ఏనుగు ఇద్దరు. సభ ముగిసింది. ఆ ముడి ఎవరు వేశారో నాకు తెలుసు. ఇప్పటికీ వాడెవడో పులి నాయకుడు చెప్పలేదని వాడికి కూడా తెలుసు.

ఆరో రాత్రి క్యాంప్‌ఫైర్. అమ్మానాన్నలు వచ్చారు, ఊరంతా వచ్చింది. పాటలు, కేకలు, నవ్వులాట నాటికలు. నలభై ఏళ్ళ కిందట మేం వేసిన డాక్టరు, పేషెంటు నాటికే మళ్ళీ వేశారు, అవే జోకులు. నేను అప్పుడు నవ్వినంత నవ్వాను. రాయడానికి అందులో ఏమీ లేదు. చేపలపులుసు ఊరివాళ్ళు పెట్టారు.

ఏడోరోజు సర్దుడు. శిబిరం విప్పాక మనం ఉన్నట్టు ఆనవాలు మిగలకూడదన్నది స్కౌట్ల పట్టింపు. పొయ్యి గుంటలు, చెత్తగుంట, మరుగుదొడ్ల గుంటలు పూడ్చారు. తాళ్ళు పట్టుకుని శవాల్ని పైకి లాగారు. గద్దవాళ్ళది ఒకటి ఎంత తవ్వినా దొరకలేదు. ఇక మిగిలింది చెలమ. ఏనుగులవాళ్ళు పారలు పట్టుకుని వెళ్ళేసరికి పెద్దమ్మ అక్కడ నిలబడి ఉంది. నాలుగు మేకలు వంగి నీళ్ళు తాగుతున్నాయి.

"పూడ్చబాకండి నాయనా" అంది. "ఈ ఎండల్లో వీటికి ఉంటాది."

పిల్లలు మాస్టారి వైపు చూశారు. మాస్టారు పుస్తకం తియ్యలేదు. చిన్నపిల్లలెవరైనా పడతారేమో, ఆలోచించుకోండి అని వెళ్ళి వ్యాను దగ్గర నిలబడ్డాడు. ఏనుగులవాళ్ళు కాసేపు గుసగుసలాడుకుని తమ చెప్పుల స్టాండు విప్పారు. అదే కర్రలు చెలమ చుట్టూ పాతి, అడ్డకర్రలు పెట్టి బిగించి కట్టారు. మేకలు దిగేవైపు ఒక పక్క వదిలేశారు. వెంకటగిరి పిల్లాడు ఒక్కో ముడి దగ్గరా కూర్చుని లాగి చూశాడు. మూడోది విప్పించి మళ్ళీ కట్టించాడు. వ్యాను రెండుసార్లు హారన్ కొట్టింది.